ఉమ్మడి దూలం

ఉలిగప్ప సంగటి ముద్ద విరిచి, శెనిక్కాయల ఊరుబిండిలో అద్దుకొని నోట్లో పెట్టుకోబోతుండగా, పైనుంచి చిటికెడు మట్టి సరిగ్గా కంచంలో రాలింది. ఆయన తలెత్తి పైకి చూడలేదు. పెళ్లాం వైపు చూశాడు.

“ఏమ్మే, శెనిక్కాయలు చెరక్కుండానే నూరినావా? నోట్లో కరకరమంటాండాది.”

కదిరమ్మకు ఒళ్లు మండింది. పొద్దున్నే కూర్చొని శెనిక్కాయలు వలిచి, వేయించి, రోట్లో నూరిన మనిషి ఆమె. గట్టిగా నాలుగు మాటలు అందామని నోరు తెరిచేలోపే నెత్తిమీద ఫట్‌మని చప్పుడైంది. మిద్దె కింద వరసగా పరిచిన దంతెల్లో ఒకటి నడిమికి విరిగి, ఊడబోయే పన్నులా వేలాడుతోంది. ఆ సందులోంచి మట్టి జలజలా కారుతోంది.

“లెయ్యప్పా!” అని ఆమె కేక పెట్టేసరికే ఉలిగప్ప గడప దాటేశాడు. అరవై దాటిన ఆ మనిషి అంత వేగంగా పరిగెత్తగలడని ఆమెకు అప్పటిదాకా తెలియదు. కంచం మాత్రం చేతిలోనే ఉంది.

ఆమె కూడా వెనకే వీధిలోకి ఉరికింది. సరిగ్గా అప్పుడే పక్క వాకిట్లోంచి ఉలిగప్ప తమ్ముడు శ్రీనివాసులు బయటపడ్డాడు. ఊళ్లో అందరూ ఆయన్ను శీనప్ప అంటారు. కదిరి, ముదిగుబ్బ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఆయన చేతిలోనూ కంచమే, బుగ్గలోనూ ముద్దే. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ వెంటనే వీపులు తిప్పుకొని, అన్న తూర్పుకు, తమ్ముడు పడమరకు తిరిగి నిలబడి, మిగిలిన సంగటి తినడం మొదలుపెట్టారు. ఇల్లు నిలబడిందా కూలుతోందా అని లోపలికి తొంగిచూసింది కదిరమ్మా, ఆమె తోటికోడలు రామాంజినమ్మా మాత్రమే.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో, మెయిన్ రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న పల్లె అది. ఇల్లు ఆ అన్నదమ్ముల తాత కట్టించిన మట్టిమిద్దె. ఈ చివరి గోడ నుంచి ఆ చివరి గోడ దాకా ఒకే ఒక్క పొడుగాటి దూలం. నడిమధ్యలో దానికి ఊతంగా ఒక స్తంభం. దూలం మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద సన్నకట్టెలు, వాటి మీద మట్టి. భాగాలు పంచుకున్నప్పుడు అన్నదమ్ములు ఆ స్తంభం దగ్గరే గీత గీసి, దంతెల దాకా గోడ లేపారు. వాకిళ్లు వేరయ్యాయి, పొయ్యిలు వేరయ్యాయి. పైన దూలం మాత్రం అట్లాగే ఉండిపోయింది. దాన్ని పంచుకోవాలని ఎవరికీ తోచలేదు.

గోడ లేచినా చాలా ఏళ్లు మాటలు బాగానే సాగాయి. చెడింది పంచె దగ్గర. కదిరి తేరుకు కట్టుకుందామని శీనప్ప కొత్త పంచె తడిపి పెరట్లో ఆరేస్తే, ఉలిగప్ప పొట్టేలు దాని అంచు పొడవునా నమిలేసింది. నీ పొట్టేలును కట్టేసుకోవాల అన్నాడు తమ్ముడు. నీ పంచెను నీ పక్క ఆరేసుకోవాల అన్నాడు అన్న. “పొట్టేలుకు సాకినోళ్ల బుద్ధే వస్తాది” అని తమ్ముడు అన్న మాటతో అన్నీ ఆగిపోయాయి. మొదట్లో ఊరివాళ్లు సర్దిచెప్పబోయారు. తర్వాత వాళ్లకూ విసుగొచ్చింది.

ఆనాటి నుంచి ఆ రెండిళ్ల మధ్య కబుర్లు మోసే పని ఆడవాళ్ల మీద పడింది. పెరట్లో ఉన్నది ఒక్కటే కొళాయి. పొద్దున్నే ఇద్దరూ బిందెలతో అక్కడ కలుసుకునేవాళ్లు. కదిరమ్మ ఆ పనిని ఎంత నేర్పుగా చేసేదంటే, ఉలిగప్ప అన్న మాటకూ శీనప్పకు చేరిన మాటకూ పోలికే ఉండేది కాదు. “ఆ టిక్కెట్ల మారాజును టీవీ తగ్గించుకోమను, చెవులకు తూట్లు పడతాండాయి” అని ఉలిగప్ప అరిస్తే, కొళాయి దగ్గర అది “మీ బావకు తలనొప్పిగా ఉండాది రామాంజీ, రొంత టీవీ తగ్గిస్తే మేలు” అయ్యేది. రామాంజినమ్మ కూడా తక్కువదేం కాదు. “ఆ గొర్రెల కంపుకు సచ్చిపోతాండాం” అని శీనప్ప అన్న మాట, గోడకు ఇటుపక్క చేరేసరికి “మంద బాగా పెరిగిందంట బావకు, ఆయప్ప మెచ్చుకుంటాండాడు. దొడ్డి రొంత అవతలికి జరిపితే ఇంకా బాగుంటాదంట” అని వినిపించేది.

విరిగిన దంతె చూడటానికి పెనుకొండ నుంచి జోసెఫ్ వచ్చాడు. కొయ్యపని, గోడపని రెండూ చేస్తాడు. పని కంటే గ్యారంటీలు ఎక్కువ ఇస్తాడని అతనికి పేరు. నిచ్చెన ఎక్కి దూలంలో ఉలి గుచ్చితే అది పిడి దాకా లోపలికి దిగిపోయింది. ఆ కంతలో వేళ్లు పెట్టి, పిడికెడు పొట్టు లాగి కదిరమ్మ దోసిట్లో పోశాడు.

“దంతెలు నాలుగైదు పోయినాయేమో అని వచ్చినా. చూస్తే దూలమే ల్యా అమ్మా. చెదలు లోపలంతా తినేసి పైన తోలు మిగిల్చినాయి. ఇన్నాళ్లూ ఈ మిద్దె అలవాటుకొద్దీ నిలబడుకోనుండాది.”

“సరే, నా సగం మార్చు” అన్నాడు ఉలిగప్ప.

“సగమా?”

“గోడ దాకా నాది. ఆడికి కోసి కొత్తది పెట్టు. ఆ పక్కది ఆయప్ప ఇష్టం.”

“దూలమేమన్నా సొరకాయనా అప్పా, కావాల్సినంత కోసుకొని మిగతాది పక్కింటికి ఇయ్యనీకి? మార్చితే ఈ కొన నుంచి ఆ కొన దాకా మార్చాల. ల్యాకుంటే వదిలెయ్యాల. వదిలేస్తే అదే దిగొస్తాది. దానికి నాది గ్యారంటీ.”

ఉలిగప్ప సాయంత్రం దాకా వాకిట్లో కూర్చొని గొణుక్కున్నాడు. చివరికి, “పో, ఆ మారాజుతో చెప్పు, దూలం వాళ్ల తాత సొత్తు గాదని” అని కబురు పంపాడు. అది నిజంగానే శీనప్ప తాత సొత్తేనని, ఆ తాతే ఈయనకూ తాత అని కదిరమ్మ గుర్తుచేయలేదు. కొళాయి దగ్గరికి పోయి, “దూలం ఇద్దరిదీ గదా, కలిసి మార్చుకుందామంటాండాడు మీ బావ” అంది. కాసేపటికి అటునుంచి జవాబు వచ్చింది: “అన్న ఎట్ల చెప్తే అట్లే.” శీనప్ప అసలు ఏమన్నాడో రామాంజినమ్మ చెప్పలేదు. కదిరమ్మ అడగలేదు.

ఇక కొయ్య ఎక్కడ కొనాలన్న తగువు వచ్చింది. హిందూపురంలో సామిల్లుకు పోదామన్నాడు ఉలిగప్ప. ధర్మవరంలో ఎవరో పట్టుచీరల వ్యాపారి పాతిల్లు పడగొట్టారని, అక్కడ రాయిలాంటి టేకు దూలాలు అమ్ముతున్నారని శీనప్ప విన్నాడు. “ఆయప్ప చెప్పినాడంటే ఆడికి నేను రాను” అన్నాడు ఉలిగప్ప. కదిరమ్మ ఒక రాత్రి ఊరుకొని, మరునాడు అదే ధర్మవరం సంగతిని జోసెఫ్ చెప్పినట్టు చెప్పింది. “జోసెఫ్ అంటే పనితనం తెలిసినోడు” అని ఉలిగప్ప వెంటనే చెప్పులేసుకున్నాడు.

ట్రాక్టరు తోలింది జోసెఫే. వెనక తొట్టిలో ముందు మూల ఉలిగప్ప, వెనక మూల శీనప్ప, నడుమ కదిరమ్మ. ధర్మవరం చేరేదాకా ఉలిగప్ప కుడివైపు పొలాలు చూశాడు, శీనప్ప ఎడమవైపు పొలాలు చూశాడు. కదిరమ్మకు చూడటానికి జోసెఫ్ వీపు ఒక్కటే మిగిలింది.

పడగొట్టిన ఇంటి ఆవరణలో దూలాలు వరసగా పేర్చి ఉన్నాయి. నల్లగా, నున్నగా మెరుస్తున్న ఒకదాని దగ్గర అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ఆగారు. ఉలిగప్ప ఒక కొన మీద వేలి కణుపులతో కొట్టి చెవి ఆనించాడు. శీనప్ప రెండో కొన మీద కొట్టి చెవి ఆనించాడు. చూసేవాళ్లకు ఆ కొయ్యలోంచి ఫోన్ మాట్లాడుకుంటున్నట్టే ఉంది.

“బాగుండాదా?” అని కదిరమ్మ అడిగింది.

“నా పక్క బాగుండాది. ఆ పక్క సంగతి నాకు తెల్దు” అన్నాడు ఉలిగప్ప.

“వదినా, ఈ పక్క దివ్యంగా ఉండాది. ఆ పక్క ఏమన్నా డొల్లగా ఉంటే ముందే చెప్పండి. దాని బరువు కూడా నా పక్కే మోయాల గదా” అన్నాడు శీనప్ప.

దూలానికి ఒక కొన లావు, ఒక కొన సన్నం. లావు కొన తనకే రావాలని ఇద్దరూ జోసెఫ్‌తో వేరువేరుగా చెప్పారు. “పెద్దాయనకు లావుది” అని జోసెఫ్ తీర్పు చెప్పి, లావు కొనను వెనక్కి పెట్టి బండిలో ఎక్కించాడు. అది తొట్టి దాటి చాలా దూరం వెనక్కి పొడుచుకొని వచ్చింది. ఇప్పుడు ముగ్గురూ దూలం మీదే కూర్చోవాల్సి వచ్చింది.

పెనుకొండ బస్టాండు దగ్గర మలుపులో జోసెఫ్ బండిని గిరుక్కున తిప్పాడు. ట్రాక్టరు ఇటు తిరిగితే దూలం తోక అటు తిరిగింది. పక్కన అంగడి చూరుకు వేలాడదీసిన చిప్స్ ప్యాకెట్ల దండలు రెండు దానికి తగులుకున్నాయి. దూలం ఆ దండలు వేసుకొని పెళ్లికొడుకులా ఊరేగుతూ బజారులోకి వచ్చింది. అంగడాయన అరుస్తూ వెనకే పరుగు. పోలీసాయన బండికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎవరిదయ్యా ఈ కొయ్య?”

“మాదే సార్” అన్నారు ఇద్దరూ.

“ఎర్రగుడ్డ కట్టకుండా ఇంత బయటికి పెట్టుకొస్తారా? ఈ వెనకపక్క ఎవరు చూసుకోవాల?”

“వెనకపక్క నాది గాదు సార్” అన్నాడు శీనప్ప టక్కున. “లావు కొన. పెద్దాయనది.”

ఉలిగప్ప గొంతు సవరించుకున్నాడు. “బండి మింద ఉన్నంతసేపు ఉమ్మడే సార్. ఇంకా పంచుకోల్యా.”

పోలీసాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “మీరిద్దరూ ఏమవుతారు?”

ఉలిగప్ప కుడివైపు చూశాడు, శీనప్ప ఎడమవైపు చూశాడు. “అన్నదమ్ములు సార్” అంది కదిరమ్మ తలదించుకొని. ఆ మాటతో ఆయనకు అన్నీ అర్థమైనట్టున్నాయి. ఆయనకూ అన్నదమ్ములు ఉన్నారేమో, పోండి పోండి అని చెయ్యి ఊపాడు. కదిరమ్మ దిగి, ఉలిగప్ప భుజం మీది ఎర్రతువ్వాలు లాక్కొని దూలం కొనకు కట్టింది. దండలు విప్పి అంగడాయనకు అప్పగించింది. ఒక ప్యాకెట్ తగ్గిందని ఆయన గొడవపెట్టాడు. ముందు సీటులో జోసెఫ్ దవడలు ఆడుతుండటం కదిరమ్మ గమనించింది గానీ, ఇంకో పంచాయితీ పెట్టుకునే ఓపిక ఆమెకు లేకపోయింది.

పని మొదలైన రోజు రెండిళ్ల సామాన్లూ వీధిలో టార్పాలిన్ కిందికి చేరాయి. మంచాలు, గోతాలు, రెండు టీవీలు ఎవరివి ఏవో తెలియకుండా కలిసిపోయాయి. తోటికోడళ్లిద్దరూ ఒకే పొయ్యి మీద వండారు. మగవాళ్లు టార్పాలిన్‌కు చెరో అంచున కూర్చొని, ఒకే కుండలోది తిని, ఎవరి కంచం వాళ్లు కడుక్కున్నారు.

జోసెఫ్ మిద్దె మీది మట్టి చాలావరకు తీయించాడు. దంతెల బరువు దూలం మీద పడకుండా కింద ఇనుప జాకీలు ఆనించాడు, గోడకు అటు కొన్ని, ఇటు కొన్ని. ఇంటి పక్క సందు వైపు గోడకు కంత కొట్టాడు. పాత దూలాన్ని ఆ కంతలోంచి తాళ్లతో బయటికి లాగి, కొత్తదాన్ని అదే దారిన లోపలికి తోయాలన్నది అతని ఆలోచన. నడిమి స్తంభం తల కనబడటానికి అడ్డుగోడ పైన నాలుగు వరసల ఇటుకలు ఊడదీశాడు.

“గోడ పడదు గదా?” అని అడిగింది కదిరమ్మ.

“ఈ గోడా? ఏనుగు గుద్దినా పడదమ్మా. నాది గ్యారంటీ.”

కూలీలు సందులో తాళ్లు పట్టుకొని నిలబడ్డారు. జాకీలు తిప్పే పని ఇంకెవరికీ ఇవ్వడానికి అన్నదమ్ములు ఒప్పుకోలేదు. ఎవరి పక్కది వాళ్లే తిప్పుతామన్నారు. జోసెఫ్ మిద్దె ఎక్కి, మట్టి తీసిన సందులోంచి కిందికి చూస్తూ ఇద్దరికీ చెప్పసాగాడు. ఉలిగప్పా ఒక చుట్టు, శీనప్పా ఒక చుట్టు. దంతెలు కిర్రుమంటూ వెంట్రుకవాసి పైకి లేచాయి. పాత దూలం వదులైంది. కూలీలు మెల్లగా లాగడం మొదలుపెట్టారు.

అంతా సవ్యంగా జరిగేదే. కానీ శీనప్పకు జీవితమంతా బస్సు ఆపడం, పోనివ్వడం అలవాటు. నోరు ఊరుకోలేదు.

“రైట్... రైట్... హోల్డాన్!”

ఉలిగప్ప జాకీ తిప్పుతూనే పైకి చూశాడు. “జోసెఫూ, ఆ హోల్డాన్ అనేది ఎవరికో రొంత కనుక్కో.”

“నీకే అప్పా, ఆపు!” అని జోసెఫ్ అరిచాడు.

“నాకు చెప్పినాడా? పేరు పెట్టి చెప్పినాడా?”

“పేరు పెట్టి చెప్తే పలుకుతాడేమో అడుగు జోసెఫూ!” అని అటునుంచి కేక.

ఈ రాయబారం నడుస్తుండగానే ఉలిగప్ప ఇంకో రెండు చుట్లు తిప్పేశాడు. ఆ పక్క దంతెలు ఎక్కువ లేచాయి. పైన మిగిలిన మట్టి ఒక్కసారిగా జారి, దాని దుమ్ము జోసెఫ్ ముఖాన కొట్టింది. అతను దగ్గుతో వంగిపోయాడు. మాట పెగల్లేదు. రెండు చేతులూ ఊపుతున్నాడు గానీ కింద ఉన్నవాళ్లకు అతని అరికాళ్లు తప్ప ఏమీ కనబడవు.

వాకిట్లో నిలబడిన కదిరమ్మకు మాత్రం కనబడింది. పాత దూలం స్తంభం తల మీదినుంచి పక్కకు జారుతోంది, చాలా నింపాదిగా, మంచం దిగే ముసలాయనలా. ఆమె అరవబోయింది. ఉలిగప్ప అప్పుడే తలెత్తి చూశాడు.

“శీనా! పట్టుకోరా!”

“పట్టుకొన్న్యా! నువ్వు దించున్నా, దించు!”

“ఎంత?”

“రెండు చుట్లు! ఇంగొకటి! హోల్డాన్!”

ఉలిగప్ప ఆపాడు. దంతెలు కిందికి దిగి జాకీల మీద కుదురుగా కూర్చున్నాయి. దూలం మాత్రం ఒక్క ఊపు ఊగి, తన బరువంతటితో అడ్డుగోడను గుద్దింది. గోడ మొదట వద్దులే అన్నట్టు కొంచెం వెనకాడింది. తర్వాత ఉన్నచోటే మొత్తంగా కుప్పకూలింది.

దుమ్ములో ఏమీ కనబడలేదు. తోటికోడళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని నిలబడిపోయారు. ముందు ఒక దగ్గు వినిపించింది. తర్వాత ఇంకో దగ్గు. దుమ్ము అణిగేసరికి అన్నదమ్ములిద్దరూ చెరో జాకీని కావలించుకొని, నెత్తి నుంచి కాళ్ల దాకా ఇటుకపొడితో ఎర్రగా, ఎదురెదురుగా కనిపించారు. నడుమ గోడ లేదు. మోకాలెత్తు కుప్ప ఉంది.

“దెబ్బ తగిలినాదా?” అన్నాడు ఉలిగప్ప.

“ల్యా. నీకు?”

“ల్యా.”

కదిరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకునే వ్యవధి కూడా వాళ్లు ఇవ్వలేదు.

“నేను హోల్డానంటే ఆపాల గదా!” అని మొదలుపెట్టాడు శీనప్ప.

“ఇదేమన్నా బస్సా? నేను డ్రైవర్నా? అన్నా, ఆపు అని అననీకి నోరు రాల్యా నీకు?”

“నీకొచ్చిందా నోరు ఇన్నేండ్లూ? తప్పయిందని వదినతో చెప్పిపంపి, కొత్త పంచె కొనిస్తివి. సంతోషం. నా ఎదురుగా వచ్చి ఒక్క మాట అననీకి ఏమొచ్చె? ఆ సంగతి ఎత్తొద్దని కూడా చెప్పిపంపితివి. సరే, అన్నే మాట్లాడిస్తాడులే అని నేను కాసుకొని కూచుంటిని!”

“ఏ పంచె?” అన్నాడు ఉలిగప్ప.

“ఇదో, ఇదే! పండగకూ పబ్బానికీ కట్టుకుంటాండా. దూలం ఎక్కించేది మంచిపని గదా అని ఈరోజూ కట్టుకొన్న్యా!”

“నేనా? తప్పయిందంటినా? కల్లో గూడా అనల్యా! నువ్వే గదా ప్రతి ఉగాదికీ బెల్లం ఓళిగలు పంపించి, అన్నకు మొగం చూపించనీకి సిగ్గుగా ఉండాదని చెప్పించేది! సిగ్గు పోయినాక వాడే వస్తాడులే అని నేను ఊరకుంటిని.”

“ఓళిగలా? నేనా?” శీనప్ప జాకీ వదిలేశాడు. “నాకు ఓళిగలు పోతాండాయనే తెల్దు! ఇన్ని చేసినావు, ఇన్నే ఉండాయేమే అంటే పిల్లి తినిందనింది ఇది!”

ఇద్దరూ ఒకేసారి వాకిలి వైపు తిరిగారు.

కదిరమ్మకు అప్పటిదాకా తట్టని సంగతి ఒకటి అప్పుడు తట్టింది. పంచె తనే హిందూపురం సంతలో కొనింది. గొడవ చల్లారుతుందనుకుంది. ఓళిగలు రామాంజినమ్మ అదే ఉద్దేశంతో పంపి ఉంటుంది. ఆ సంగతి ఆమె తనకూ చెప్పలేదు, తను ఆమెకూ చెప్పలేదు. అటునుంచి క్షమాపణ, ఇటునుంచి క్షమాపణ చక్కగా చేరిపోతుంటే, ఇక ఆ మగవాళ్లు గడప దాటి రావాల్సిన అవసరమేముంది? ఎదుటివాడు ఎలాగూ తలొంచాడు కదా అని ఇద్దరూ హాయిగా కూర్చున్నారు. అంతా తమ మంచితనం వల్లే. ఆమెకు ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆమెకే తెలియలేదు.

“అక్కా, ఏం చెప్దాం?” అని రామాంజినమ్మ గొణిగింది.

“ఏం చెప్పేది!” కదిరమ్మ కొంగు నడుముకు బిగించింది. “మీరన్న మాటలు మేము ఉన్నవున్నట్టు మోసింటే ఈ గోడ ఎప్పుడో పడిండేది. మీ ఇద్దరి నెత్తి మింద!”

“మా మాటలు మార్చనీకి మీరెవరు?” అన్నాడు ఉలిగప్ప.

“అదే గదన్నా! చెప్పింది చెప్పినట్టు చెప్పాల గదా!” అన్నాడు శీనప్ప.

వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం చూసి కదిరమ్మకు చాలా ఏళ్లయింది. ఆ ఒక్క మాటా తన మీదికే రావడం వేరే సంగతి.

శీనప్పకు రోషం ఇంకా పెరిగింది. “అయితే ఇది అన్న ఇచ్చింది గాదు. నాకొద్దు. ఇప్పుడే ఇడిసిపారేస్తా!” అని నడుము ముడి మీద చెయ్యి వేశాడు.

“వొద్దప్పో, కూలోళ్లుండారు!” అని రామాంజినమ్మ కెవ్వుమంది. సందులోంచి కూలీలు కంత దగ్గర తలలు పెట్టి ఆసక్తిగా చూస్తున్నారు.

ఉలిగప్ప కంగారుగా ఇటుకల కుప్ప దాటి, తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. “కట్టుకోరా నాయనా, కట్టుకో! నేనే ఇచ్చినాననుకో! తప్పయిందని గూడా అన్నాననుకో, మొదలు ముడి బిగించు!”

శీనప్ప ముడి బిగించుకున్నాడు. కళ్లు తుడుచుకుంటే ముఖం మీద ఇటుకపొడి బురదైంది. “కండ్లల్లో దుమ్ము పడింది” అన్నాడు. ఎవరూ ఏమీ అడగకపోయినా.

అప్పటికి జోసెఫ్ దగ్గు తగ్గి, పైనుంచి తల కిందికి వంచాడు. “గోడకు ఏమీ కాల్యా గదా?”

నలుగురూ తలెత్తి అతని వైపు చూశారు. అతను మెల్లగా తల వెనక్కి తీసుకున్నాడు.

పొద్దు వాలేలోపు కొత్త దూలం లోపలికి వచ్చింది. ఈసారి శీనప్ప హోల్డాన్ అంటే ఉలిగప్ప ఆగాడు, రైట్ అంటే తిప్పాడు. మధ్యమధ్యలో “రొంత మెల్లగా అరువు, నాకు చెవుడు ల్యా” అన్నాడు. లావు కొన ఎటు వచ్చిందో చివరికి ఎవరూ చూసుకోలేదు. తర్వాతి రోజుల్లో జోసెఫ్ పుచ్చిన దంతెలు ఒక్కొక్కటే తీసి కొత్తవి పెట్టాడు. అన్నదమ్ములు ఇద్దరూ కిందనుంచి అందిస్తూ ఒక్కో దంతె దగ్గరా ఒక్కో గొడవ పడ్డారు. కదిరమ్మ చెవులకు అది హాయిగా ఉండేది. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఆమె మోయక్కర్లేదు.

మిద్దె పూర్తయ్యాక జోసెఫ్ అడిగాడు: “మరి గోడ?”

“కట్టాల్సిందే” అన్నారు ఇద్దరూ. కానీ పాత గోడ తన పక్కకు జానెడు జరిగి ఉండేదని ఉలిగప్ప, కాదు తన పక్కకే జరిగి ఉండేదని శీనప్ప. తాడు పట్టి కొలిచారు. ఎవరు కొలిస్తే వాళ్ల లెక్క వచ్చింది. ఇట్లా కొలిచీ కొలిచీ జోసెఫ్‌కు ఓపిక పోయి, హిందూపురంలో ఇంకో పని ఒప్పుకొని వెళ్లిపోయాడు. ఇదే అదనుగా తోటికోడళ్లు ఒక మధ్యాహ్నం ఇటుకలన్నీ పెరట్లోకి మోసి, మట్టితో కోళ్లగూడు కట్టేశారు. మగవాళ్లు తాడు తీసుకొని వచ్చి చూస్తే నేల శుభ్రంగా అలికి, ముగ్గు కూడా వేసి ఉంది. ఇటుకలు మళ్లీ తెప్పించుకుందామన్నాడు ఉలిగప్ప. తెప్పించుకుందామన్నాడు శీనప్ప. ఆ తర్వాత శెనిక్కాయ విత్తనం పనిలో పడిపోయారు.

ఒక సాయంత్రం పడమట మబ్బు పట్టింది. కొత్త మిద్దెకు అదే మొదటి వాన. అన్నదమ్ములు నీళ్లు కారకుండా పైన పరవడానికి తట్టల్లో చౌడుమట్టి ఎత్తుకొని మిద్దె ఎక్కారు. వాలు తూర్పుకు ఉండాలని ఒకరు, పడమరకు ఉండాలని ఒకరు. నీళ్లు ఏ పక్క తూములోంచి పోవాలో తేలకముందే చినుకులు మొదలయ్యాయి. తల మీద చెరో గోతం కప్పుకొని, వానలోనే నిలబడి వాదించుకుంటున్నారు.

కింద కదిరమ్మ నాలుగు గ్లాసుల్లో కాఫీ పోసింది. “కాఫీ చల్లారిపోతాండాది, రండప్పా!” అని కేకేసింది.

“వస్తాండాం!” అన్న జవాబు రెండు గొంతుల్లో ఒకేసారి వచ్చింది. మనుషులు మాత్రం రాలేదు. నెత్తిమీద అడుగులు అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ దబదబమంటున్నాయి. కొత్త దంతెలు ఒక్కటీ కిర్రుమనలేదు. వాన జోరందుకుంది.

“పైకి తీసకపోయి ఇచ్చేదా అక్కా?” అని రామాంజినమ్మ లేవబోయింది.

“ఈ వానలో నిచ్చెన ఎక్కుతావా? కూచో” అంది కదిరమ్మ. ఇద్దరూ గోడకు ఆనుకొని కూర్చొని తమ కాఫీ తాగారు. కాసేపు చూసి, మిగిలిన రెండు గ్లాసులూ తాగేశారు.